బఠానీ గొట్టం పట్టిన కుర్రాడు

ఇలా వచ్చి కెమెరా పక్కన నిలబడండి. హాలీవుడ్‌లో లా బ్రియా అవెన్యూ మీదున్న చాప్లిన్ సొంత స్టూడియో ఇది. ఎదురుగా నగర వీధి సెట్టు వేసి ఉంది. ఒక పూలకొట్టు, దానికి పెద్ద అద్దం, ముందు కాలిబాట, ఆ చివర మలుపు. 1927లో ‘ది జాజ్ సింగర్’ వచ్చినప్పటి నుంచి ఊరంతా టాకీల వెంట పడింది. చాప్లిన్ మాత్రం 1928 డిసెంబరులో మొదలుపెట్టిన ‘సిటీ లైట్స్’ని మాటల్లేకుండానే పూర్తి చేస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. డబ్బు అతనిది, స్టూడియో అతనిది. కాదనేవాడెవడు?

మలుపు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు కనిపిస్తున్నారా? పేపర్లమ్మే పిల్లల వేషం. చేతుల్లో సన్నటి గొట్టాలు, నోట్లో బఠానీ గింజలు. జైలు నుంచి విడుదలైన దేశదిమ్మరి, అంటే చాప్లిన్, చిరుగుల బట్టలతో కాళ్ళీడ్చుకుంటూ అటు వస్తాడు. వీళ్ళు గింజలు ఊది అతన్ని ఏడిపించాలి. ఆ ఇద్దరిలో ఒకడు రాబర్ట్ పారిష్. 1916లో జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో పుట్టాడు. వాళ్ళ కుటుంబం లాస్ ఏంజెలస్‌కి మారాక, సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసే పిల్లల్లో వాడూ ఒకడయ్యాడు. చెల్లెలు హెలెన్ కూడా బాలనటే. జాన్ ఫోర్డ్ తీసిన మూకీల గుంపుల్లోనూ వీడు ఉన్నాడు. తెరమీద పేరు పడదు, గుర్తుపట్టేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు చాప్లిన్‌ని గమనించండి. ఎలా చేయాలో నోటితో చెప్పి ఊరుకోడు. కుర్రాడి చేతిలో గొట్టం తీసుకుని తనే ఊదుతాడు. ఊదిన మరుక్షణం ఎదురు వైపు ఉరికి, గింజ తగిలిన దేశదిమ్మరిలా ఉలిక్కిపడతాడు. మళ్ళీ వెనక్కొచ్చి రెండో కుర్రాడవుతాడు. తర్వాత పూలమ్మాయి అవుతాడు. ఒకప్పుడు గుడ్డిదైన ఆ అమ్మాయికి ఇప్పుడు చూపొచ్చింది. తనకు సాయం చేసింది ఈ దేశదిమ్మరేనని ఆమెకి తెలియదు. అందరి పాత్రలూ ఒంటిచేత్తో ఆడేసి, చివరికి ఎవరి వేషం వాళ్ళకి తిరిగి ఇస్తాడు, ఇవ్వలేక ఇవ్వలేక. వీలుంటే అన్నీ తనే వేసుకునేవాడని పారిష్‌కి అప్పుడే అనిపించింది. పెద్దయ్యాక తన జ్ఞాపకాల పుస్తకంలో ఆ సంగతి రాసుకున్నాడు.

తెరమీద ఆ కాసేపట్లోనే ఇంకో ముచ్చట ఉంది. దేశదిమ్మరి ప్యాంటు వెనక చిరుగులోంచి గుడ్డపీలిక బయటికి వేలాడుతుంటుంది. పేపరు కుర్రాడొకడు దాన్ని పట్టి లాగేస్తాడు. అతను విసురుగా లాక్కుంటాడు. దాంతోనే ముక్కు తుడుచుకుని, పెద్దమనిషి జేబురుమాలు మడిచినట్టు మడుస్తాడు. కొట్టు అద్దం వెనక ఆ అమ్మాయి నవ్వుతుంది. ఈ నవ్వు లేకపోతే, ఆ తర్వాత ఆమె అతని చెయ్యి పట్టుకుని గుర్తుపట్టే ఘట్టం మన గుండెని అంతలా పిండదు. సినిమా చరిత్రలోని గొప్ప ముగింపుల్లో ఒకదానికి దారి వేసింది ఈ పిల్లల అల్లరే. ఎవరు ఎటు చూడాలి, ఏ చూపు తర్వాత ఏ చూపు రావాలి అన్నది ఆ కుర్రాడు అన్ని వైపుల నుంచీ కళ్ళారా చూశాడు. దర్శకత్వంలో అతని మొదటి పాఠం అదేనని నా నమ్మకం.

1931 జనవరి 30న ‘సిటీ లైట్స్’ విడుదలైంది. పారిష్ ఎదిగాడు, వేషాలు తగ్గాయి. పెద్దవాడయ్యే బాలనటుల్లో చాలామంది కథ అక్కడితో ఆగిపోతుంది. ఇతను ఎడిటింగ్ రూముకి దారి పట్టాడు. ఫోర్డ్ చిత్రాలకి పనిచేశాడు. ‘యంగ్ మిస్టర్ లింకన్’ నాటికి అతని చోటు శబ్దాల ఎడిటింగ్‌లో.

ఇప్పుడు 1942 జూన్‌కి రండి. పసిఫిక్ మహాసముద్రంలో మిడ్‌వే దీవి మీద జపాన్ విమానాలు బాంబులు కురిపిస్తుంటే, నౌకాదళంలో చేరిన ఫోర్డ్ పదహారు మిల్లీమీటర్ల కలర్ కెమెరాతో అదంతా తీశాడు. చేతికి గాయమైంది. బాంబు పేలిన అదురుకి కెమెరాలో ఫిల్ము జారి, బొమ్మ ఎగిరెగిరి పడింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. ఈ రోజు చూసినా ఆ కుదుపుకి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ డబ్బాలు సైన్యంలో ఏ విభాగం చేతికైనా చిక్కితే ముక్కలు చేసి పంచేసుకుంటారని ఫోర్డ్ భయం. పారిష్ కూడా అప్పుడు నౌకాదళంలో ఫోర్డ్ యూనిట్‌లోనే ఉన్నాడు. అతని చేతిలో రీళ్ళు పెట్టి, గుట్టుగా హాలీవుడ్ వెళ్ళి కూర్చమన్నాడు. యుద్ధకాలంలో పై అధికారుల కళ్ళు కప్పి ఫిల్ము దాచడమంటే మాటలు కాదు. అతను భయపడుతూనే పని చేశాడు.

పని పూర్తికావచ్చింది. ఫోర్డ్ వచ్చి చిన్న ఫిల్ము ముక్క ఇచ్చాడు. అందులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కొడుకు జేమ్స్ ఉన్నాడు. దీన్ని ఇక్కడ అతికించమన్నాడు. ఎందుకని అడగకుండా పారిష్ అతికించాడు. వైట్‌హౌస్‌లో బొమ్మ వేసినప్పుడు అధ్యక్షుడు మాట్లాడుతూనే ఉన్నాడట. తెరమీద కొడుకు కనిపించగానే గదిలో మాట ఆగిపోయింది. ఆ దేశంలోని ప్రతి తల్లీ ఈ సినిమా చూడాలన్నాడు రూజ్‌వెల్ట్. ఇక దాన్ని కత్తిరించే ధైర్యం ఎవరికుంది? పద్దెనిమిది నిమిషాల ‘ది బ్యాటిల్ ఆఫ్ మిడ్‌వే’కి డాక్యుమెంటరీ ఆస్కార్ వచ్చింది. ఆ చిన్న ముక్కని ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు ఫోర్డ్. పెడితే ఏమవుతుందో పారిష్‌కి తెలిసింది మాత్రం ఆ తర్వాతే.

యుద్ధం ముగిశాక, 1947 నాటి ‘బాడీ అండ్ సోల్’ బాక్సింగ్ చిత్రానికి, ఫ్రాన్సిస్ లయన్‌తో కలిసి ఎడిటింగ్ ఆస్కార్ అందుకున్నాడు. దానికంటే నాకు ఆసక్తి కలిగించేది రెండేళ్ళ తర్వాతి సంగతి. రాబర్ట్ రోసెన్ తీసిన ‘ఆల్ ది కింగ్స్ మెన్’ ఎటూ తేలకుండా సాగిపోయింది. ప్రివ్యూలు వేస్తే జనానికి ఎక్కలేదు. పారిష్‌ని పిలిపించారు. రోసెన్ విసుగెత్తి చివరికి ఒక మొండి లెక్క చెప్పాడు. ప్రతి సీన్‌లో అసలు కీలకం ఎక్కడుందో చూసుకో, దానికి ముందు వంద అడుగులు, వెనక వంద అడుగులు ఉంచు, మిగిలింది ఏదైనా కోసి పారెయ్. అంటే అటొక నిమిషం, ఇటొక నిమిషం. మాట మధ్యలో ఉన్నా సరే, మనిషి తలుపు తీస్తూ ఉన్నా సరే. అలాగే కోశారు. వింటే చేతులు వణికే పద్ధతి అది. కానీ ఆ కోతతో సినిమాకి ఎక్కడలేని ఊపు వచ్చింది. 1949 ఉత్తమ చిత్రం ఆస్కార్ దానికే.

1951లో డిక్ పావెల్ కథానాయకుడిగా ‘క్రై డేంజర్’తో పారిష్ దర్శకుడయ్యాడు. లాస్ ఏంజెలస్ బంకర్ హిల్ పాత మేడలు అందులో పదిలంగా ఉన్నాయి. తర్వాత ఆ కొండ మీది ఇళ్ళన్నీ కూల్చేశారు కాబట్టి, ఆ సినిమా ఇప్పుడు ఒక ఊరి ఆనవాలు కూడా. అక్కణ్ణుంచి వెస్టర్న్‌లు, రాబర్ట్ మిచమ్‌తో ‘ది వండర్‌ఫుల్ కంట్రీ’, ‘కాసినో రాయల్’ దర్శకుల గుంపులో ఒక చోటు. 1983లో ఫ్రెంచి దర్శకుడు బెర్ట్రాండ్ తవెర్నియేతో కలిసి ‘మిసిసిపీ బ్లూస్’. అన్నీ ఒకే ఎత్తులో లేవు.

నన్నడిగితే 1954 నాటి ‘ది పర్పుల్ ప్లెయిన్’ చూడమంటాను. కథ బర్మా యుద్ధరంగంలో జరుగుతుంది, తీసింది సిలోన్‌లో. లండన్ బాంబుదాడిలో భార్యని పోగొట్టుకుని, చావు కోసం వెతుక్కుంటున్న పైలట్‌గా గ్రెగరీ పెక్. విమానం కూలిపోయిన తర్వాత, గాయపడి నడవలేని సహచరుణ్ణి మోసుకుంటూ ఎండలో బయల్దేరతాడు. అక్కణ్ణుంచి మాటలు దాదాపు ఆగిపోతాయి. ఎండిన నేల, తడబడే అడుగు, నీళ్ళ కోసం వెతికే కళ్ళు. వీటితోనే పారిష్ కథ నడిపిస్తాడు. చావాలనుకున్న మనిషికి బతకాలన్న పట్టుదల ఎప్పుడు పుట్టిందో ఎవరూ నోరు విప్పి చెప్పరు, అతను మోస్తున్న తీరులో మనకి తెలిసిపోతుంది. సినిమా దొరికితే మొదటి సగం కాస్త ఓపిక పట్టండి. విమానం నేలకి తగిలాక ఇక కళ్ళు తిప్పకండి.