డింగీ తెరచాప పందెం

ఒకరో ఇద్దరో కూర్చుని, ఇంజను లేకుండా గాలి ఆసరాతో నడిపే చిన్న పడవ డింగీ. పేరు మన ఉపఖండానిదే. హిందీ, బెంగాలీల్లో చిన్న పడవను పిలిచే ‘డింగి’ అనే మాట నావికుల నోట ఇంగ్లీషులోకి వెళ్లి, అక్కడినుంచి లోకమంతా పాకింది. పెద్ద యాట్‌కు అడుగున బరువైన కీల్ ఉంటుంది. డింగీకి అది ఉండదు, నీళ్లలోకి దించే పలుచని పలక ఒక్కటే ఉంటుంది. కాబట్టి పడవ ఒరిగిపోకుండా కాసేది అందులోని మనుషుల ఒంటి బరువే.

పందేల్లో సాధారణంగా ఒకే నమూనా పడవలు పోటీపడతాయి. పిల్లల ఆప్టిమిస్ట్‌ను 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు. ఒంటరిగా నడిపే లేజర్ బ్రూస్ కర్బీ గీసిన పడవ, పొడవు 4.2 మీటర్లు. ఇద్దరు నడిపే నీలి తెరచాపల ఎంటర్‌ప్రైజ్‌కు 1956లో జాక్ హోల్ట్ ప్రాణం పోశాడు. 470 తరగతి 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2024 పారిస్ నుంచి అందులో ఒక స్త్రీ, ఒక పురుషుడు జంటగా పోటీపడుతున్నారు.

నేపర్‌విల్, మిషిగన్ సరస్సు

ఈ ఆటను ముందు అమెరికాలో తెలుగువారుండే ఒక ఊరి వైపునుంచి చూద్దాం. ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగోకు పడమరగా సుమారు 45 కిలోమీటర్ల దూరంలో నేపర్‌విల్ ఉంది. 2020 జనగణన ప్రకారం జనాభా 1,49,540. తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఊళ్లో పారే డూపేజ్ నది పడమటి పాయ తెరచాప పందేనికి చాలదు. అయినా ఈ ఊరి పుట్టుక తెరచాపతోనే ముడిపడింది. 1831లో దీన్ని స్థాపించిన జోసెఫ్ నేపర్ మహా సరస్సుల మీద ఓడలు నడిపిన కెప్టెన్. ఒహాయోలోని ఆష్టబ్యులా నుంచి ‘టెలిగ్రాఫ్’ అనే తెరచాప ఓడలో కొన్ని కుటుంబాలను షికాగోకు చేర్చి, అక్కడినుంచి డూపేజ్ ఒడ్డుకు తీసుకొచ్చాడు. పడవ పందెం కోసం షికాగో బయల్దేరే నేపర్‌విల్ వాసి ఆయన వచ్చిన దారినే వెనక్కి పోతున్నట్టు లెక్క.

మిషిగన్ సరస్సు పేరుకే సరస్సు. పొడవు 494 కిలోమీటర్లు, వైశాల్యం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, ఆవలి గట్టు కనబడదు. షికాగో యాట్ క్లబ్ 1875 నాటిది. 1898లో మొదలైన మాకినా పందెంలో పెద్ద పడవలు 333 మైళ్లు పోతాయి. డింగీలు మాత్రం ఒడ్డుకు దగ్గరలోనే తేలుడు గుర్తులు పెట్టుకుని తిరుగుతాయి. ఎండ కాసిన మధ్యాహ్నం నేల వేడెక్కగానే సరస్సు మీదినుంచి చల్లగాలి మొదలవుతుంది, పందెం దాని మీదే ఆధారపడుతుంది. మే నెలలో గట్టున ఎండ హాయిగా ఉన్నా నీళ్లు ఇంకా వణికిస్తాయి, వెట్‌సూట్ లేకుండా దిగకూడదు.

ఇద్దరి పని

చుక్కాని, పెద్ద తెరచాప తాడు ఒకరి చేతిలో ఉంటాయి. ముందు తెరచాప తాడు, ఒంటి బరువు, చుట్టూ చూసే కళ్లు రెండోవారివి. తెరచాపకు రెండు వైపులా జానెడు ఊలు దారాలు అంటించి ఉంటాయి. రెండూ వెనక్కి తిన్నగా సాగితే గాలి సరిగా పారుతున్నట్టు. గాలి వచ్చే వైపు దారం ఎగిరెగిరి పడితే తాడు బిగించాలి, లేదా ముక్కును గాలికి కాస్త దూరంగా తిప్పాలి. పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు. సుమారు 45 డిగ్రీల వాలున ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మెలికలు తిరుగుతూ పైకి ఎక్కాలి. ప్రతి మలుపులోనూ ఇద్దరూ ఒకేసారి తెరచాప అడుగుకొయ్య కింద తల వంచి అవతలి అంచుకు చేరాలి. ఒకరు అరక్షణం ఆలస్యమైతే ముందున్న పడవ జారిపోతుంది.

వారమంతా ఉద్యోగాలు చేసుకుని శని, ఆదివారాల్లో పడవెక్కే జంటలకు బలం కన్నా ఈ పొందికే ముఖ్యం. ఎన్నో వారాలు ఒకే మనిషితో ఒకే పడవలో తడిస్తే తప్ప అది అబ్బదు.

పడవ బోల్తా పడడం మామూలే. అప్పుడు ఒకరు చుట్టూ ఈది పలక మీదికెక్కి వెనక్కి వాలతారు. రెండోవారు తాళ్లన్నీ వదిలేసి పడవ లోపలి వైపున నీళ్లలో చాపలా పడుకుంటారు. పడవ లేస్తూ వారిని తనలోకి ఎత్తుకుంటుంది.

నియమాలు

బయల్దేరడానికి ఐదు నిమిషాల ముందు మొదటి జెండా, నాలుగు నిమిషాల ముందు రెండోది ఎగురుతాయి. నిమిషం మిగిలి ఉండగా రెండోది దిగుతుంది. పడవలు నిలిచి ఉండలేవు కనుక బయల్దేరే గీత వెనకే తచ్చాడుతూ సరిగ్గా సమయానికి దాన్ని దాటాలి. కుడి పక్కనుంచి గాలి అందుకుంటున్న పడవకు ఎడమ గాలి పడవ దారి ఇవ్వాలి. మొదటి స్థానానికి ఒక్క పాయింటు, రెండో స్థానానికి రెండు. చివరికి తక్కువ ఉన్నవారే విజేతలు. చాలా పోటీల్లో నీళ్ల మీద పక్కనే ఉండి తీర్పు చెప్పే అంపైరు ఉండడు. తప్పు చేసిన జంట తనంతట తానే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకుంటుంది. ఎవరూ చూడకపోయినా తిరగాల్సిందే. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

హుస్సేన్ సాగర్

తెలుగు నేల మీద ఈ ఆటకు ప్రధాన వేదిక, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో 16వ శతాబ్దంలో తవ్వించిన హుస్సేన్ సాగర్. వానాకాలపు పడమటి గాలుల్లో ఇక్కడ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ హైదరాబాద్ సెయిలింగ్ వీక్ నడుపుతుంది. సుహేమ్ షేక్ 2009లో స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లలకు తెరచాప పట్టడం నేర్పుతోంది. తెలంగాణ అమ్మాయి ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో కలిసి 470లో భారత్ తరఫున పడవ నడిపింది.