పక్కింటి గరాజ్‌లో అమెరికా చరిత్ర

1970 నాటి షెవ్రొలే సీ-10 పికప్ ట్రక్కులో పెట్రోలు ట్యాంకు సీటు వెనకే, క్యాబిన్ లోపలే ఉంటుంది. డ్రైవరు వీపుకూ ఆ ట్యాంకుకూ మధ్య అడ్డం సీటొక్కటే. 1973 మోడల్ నుంచి కంపెనీ దాన్ని క్యాబిన్ బయటికి, ఛాసిస్ పక్కకు మార్చింది. ఇలాంటి పాత ట్రక్కును రేసుకు సిద్ధం చేయదలచినవాళ్లు ముందుగా ఊడదీసేది ఆ ట్యాంకునే. ఇండియానాపోలిస్‌లో మా పక్కింటి పెద్దాయనా అక్కణ్ణించే మొదలుపెట్టారు. డెబ్భై దాటిన మనిషి. ఈ ఊళ్లో షెవ్రొలే యజమాని జనరల్ మోటార్స్ (జీఎం) కంపెనీకి పికప్ ట్రక్కుల రేకు భాగాలు అచ్చుగుద్దే ఫ్యాక్టరీ ఉండేది. 2011లో మూతపడింది. ఆయన బతుకంతా అందులోనే గడిచింది. ఇప్పుడు రెండు కార్లు పట్టే తన గరాజ్‌లో, ఒక లిఫ్టూ ఒక వెల్డింగ్ మిషనూ పెట్టుకుని, ఆ ట్రక్కును డ్రాగ్ రేసింగ్ కోసం కొత్తగా కడుతున్నారు. సెలవు రోజుల్లో నేను వెళ్లి చేతి సాయం చేస్తుంటాను.

డ్రాగ్ రేసింగ్ అంటే రెండు బళ్లు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే బయల్దేరి, తిన్నని బాట మీద సాధారణంగా పావు మైలు పరుగెత్తడం. 1,320 అడుగులు, మన లెక్కలో నాలుగొందల మీటర్ల పైచిలుకు. మలుపుల్లేవు, రెండో చుట్టు లేదు. మంచి బండి అయితే పది సెకన్లలో అంతా అయిపోతుంది. ఆ పది సెకన్ల కోసం మనుషులు ఏళ్ల తరబడి పనిచేస్తారు. మనవాళ్లకు అమెరికా అంటే వీసా, సాఫ్ట్‌వేరు, విశ్వవిద్యాలయం. నేనూ ఆ దారినే వచ్చాను. కానీ ఈ దేశంలో మామూలు మనిషి చేతికి పనిముట్టు ఎలా వచ్చింది, నిలబడి పనిచేసే జాగా ఎలా దొరికింది, తన ఆటకు తానే నియమం రాసుకునే చొరవ ఎక్కడిది, ఇవన్నీ నాకు అర్థమైంది ఆ గరాజ్‌లోనే. అవి అందనివాళ్ల సంగతి తెలిసిందీ అక్కణ్ణించే.

పికప్ పుట్టుకే ఇంటి పనితనంలో ఉంది. ఫోర్డ్ మోడల్ టీ కారు కొన్న రైతులు దాని వెనక భాగం కోసేసి, చెక్కపెట్టె బిగించి సరుకు వేసుకునేవారు. వాళ్లను చూసి ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీలోనే పికప్ బాడీ కట్టి 281 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 1932లో అదే కంపెనీ మామూలు సంసారి కొనగలిగే కారులో వీ-8 ఇంజన్ పెట్టింది. అంతవరకూ ఎనిమిది సిలిండర్లంటే ధనవంతుల సంగతి. కొన్నేళ్లు తిరిగేసరికి ఆ ఇంజన్లు పాతబళ్ల దుకాణాలకు చేరాయి, అక్కణ్ణించి కాలిఫోర్నియా కుర్రాళ్ల చేతుల్లోకి. లాస్ ఏంజలెస్‌కు అవతల మొహావీ ఎడారిలో ఎండిపోయిన సరస్సులుంటాయి. మ్యురాక్ సరస్సు అడుగున మైళ్ల కొద్దీ చదును నేల. బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు పీకేసి అక్కడికెళ్లి వేగం కొలుచుకునేవారు. దుమ్ములో ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్న సంఘటనలూ ఉన్నాయి. దాంతో 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. ఎవరు ఎప్పుడు పరుగెత్తాలో, బండి ఎలా ఉండాలో వాళ్లే రాసుకున్నారు. ఏ చట్టసభా చెప్పలేదు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ కుర్రాళ్లు విమానాల ఇంజన్లు విప్పి బిగించడం నేర్చుకుని తిరిగొచ్చారు. యుద్ధ విమానాల రెక్కల కింద తగిలించే అదనపు ఇంధన ట్యాంకులు చౌకగా అమ్మేస్తుంటే కొని, వాటికి చక్రాలు బిగించి ఎడారిలో పరుగెత్తించినవాళ్లున్నారు. అంతకంటే పెద్ద మిగులు ఆస్తి విమానాశ్రయాలు. యుద్ధం కోసం దేశమంతటా సైన్యం రన్‌వేలు పోసింది. 1944 నాటి మిగులు ఆస్తుల చట్టం కింద వాటిలో చాలావాటిని ఊళ్లకూ కౌంటీలకూ అప్పగించారు. చిన్న ఊరికి అంత పెద్ద రన్‌వేతో ఏం పని? వేగం పిచ్చి ఉన్న కుర్రాళ్లకు మాత్రం తిన్నగా, గట్టిగా ఉన్న బాటే కావాలి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయంలో సీజే హార్ట్ అనే ఆయన టిక్కెట్టు పెట్టి క్రమం తప్పకుండా పందేలు నడపడం మొదలుపెట్టాడు. 1955లో మొదటి జాతీయ పోటీలు కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో జరిగాయి. బీ-29 బాంబర్ల సిబ్బందికి శిక్షణ ఇవ్వడానికి కట్టిన స్థావరం అది. వాన కుండపోతగా కురవడంతో చివరి పందేలు ఆగిపోయి, నవంబరులో అరిజోనాలో పూర్తయ్యాయి.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి వాలీ పార్క్స్. 1948 జనవరిలో మొదలైన హాట్ రాడ్ పత్రికకు తొలినాళ్ల సంపాదకుడు. ఆ రోజుల్లో పత్రికలన్నీ వీధుల్లో రేసులాడే కుర్రాళ్లను రౌడీలుగా రాసేవి, నిషేధించాలనే గొంతులూ బలంగా ఉండేవి. పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి, వీధి బదులు బాట చూపించాడు. బాట ఎక్కే ప్రతి బండినీ ముందు తనిఖీ చేయాలన్నాడు. 1954లో నలుగురు మనుషులు ఒక స్టేషన్ వ్యాగన్ వెనక ట్రెయిలర్ తగిలించుకుని, ఊరూరా తిరిగి స్థానిక క్లబ్బులకూ పోలీసులకూ సురక్షితంగా పందెం నడపడం నేర్పారు. ఆ బృందానికి సేఫ్టీ సఫారీ అని పేరు. పోలీసుల కళ్లుగప్పి ఆడే ఆటను పోలీసులతో కలిసి ఆడే ఆటగా మార్చడం చిన్న పని కాదు. మన ఊళ్లలో రాత్రిపూట ఫ్లైఓవర్ల మీద బైకులతో పందేలు కాసే పిల్లల గురించి విన్నప్పుడల్లా నాకు ఆ నలుగురే గుర్తొస్తారు.

పార్క్స్ సంఘం నియమావళిలో ప్రతి వాక్యం వెనకా ఎవరో ఒకరి గాయం ఉంది. 1970లో కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ అనే రేసరు బండి గేర్‌బాక్స్ పేలి, ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. అప్పట్లో డ్రైవరు ఇంజన్ వెనక, గేర్‌బాక్స్‌కు అటూఇటూ కాళ్లు చాచి కూర్చునేవాడు. గార్లిట్స్ ఆసుపత్రిలో ఉండగానే ఇంజన్‌ను డ్రైవరు వెనక పెట్టే బండి గురించి ఆలోచించాడు. మరుసటి ఏడాది దాన్ని నడిపి గెలిచాడు. కొన్నేళ్లలో ఆయన పోటీపడే తరగతి బళ్లన్నీ అలాగే మారిపోయాయి.

మా పెద్దాయన ట్రక్కులో ఇంజన్ ముందే ఉంటుంది, అందుకే గేర్‌బాక్స్ చుట్టూ పగిలినా ముక్కలు బయటికి రాకుండా ఆపే కవచం కట్టారు. ఆ గేర్‌బాక్స్ జీఎం 1964లో తెచ్చిన టర్బో 400. వెనక యాక్సిల్ మాత్రం ఫోర్డ్‌ది, 1957లో వచ్చిన తొమ్మిది అంగుళాల రకం. షెవ్రొలే అభిమానులు కూడా దీన్నే వేసుకుంటారు. క్రౌన్, పినియన్ గేర్లు కలిసిన భాగమంతా ముందు వైపునుంచి ఒకే ముద్దగా ఊడి వస్తుంది. పందేనికీ పందేనికీ మధ్య గేర్ నిష్పత్తి మార్చాలంటే అంత సులువైన యాక్సిల్ ఇంకొకటి లేదు.

ఇంజన్ జంక్‌యార్డ్ నుంచి వచ్చింది. 1999 నుంచి జీఎం తన పికప్‌లలో వేసిన 5.3 లీటర్ల వీ-8, ఇనుప బ్లాక్ రకం. లక్షల బళ్లలో వేసిన ఇంజన్ కాబట్టి ప్రమాదంలో నుజ్జయిన జీఎం పికప్ నుంచి తేలిగ్గా దొరుకుతుంది. లోపలి భాగాలు పెద్దగా మార్చకుండానే టర్బోచార్జర్ తగిలించి దాని శక్తిని రెట్టింపు చేసేవాళ్లు ఈ దేశమంతా ఉన్నారు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. టర్బో వేస్తే వేడి పెరుగుతుంది. పిస్టన్ రింగు వ్యాకోచించి దాని రెండు కొసలు ఒకదాన్నొకటి తాకితే పిస్టన్ పైభాగం విరుగుతుంది. అందుకని ప్రతి రింగునూ బయటికి తీసి, కొసల మధ్య ఖాళీ పెరిగేలా ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి, సిలిండర్లో పెట్టి ఫీలర్ గేజ్‌తో కొలిచి, మళ్లీ అరగదీయాలి. పెద్దాయన ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. వెంట్రుకంత తేడా వచ్చినా మళ్లీ మొదటికొచ్చేవారు. ఆ సహనం ఏ కాలేజీలోనూ నాకు కనిపించలేదు.

ట్యాంకు తీసిన చోటుకు ఇప్పుడు, బండి తిరగబడితే డ్రైవరును కాపాడే రోల్ కేజ్ గొట్టాలు వచ్చాయి. నియమావళి ప్రకారం ఇలాంటి పాత బండి పావు మైలును 11.49 సెకన్లలోపు చేరుకుంటే రోల్ బార్ ఉండాలి. పది సెకన్ల లోపలికి దిగితే పూర్తి కేజ్ కట్టి, అధికారిక తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. వేగం గంటకు 150 మైళ్లు దాటేటట్టుంటే వెనక పారాచూట్ తప్పనిసరి. కేజ్‌కు క్రోమోలీ ఉక్కు గొట్టం వాడితే టిగ్ వెల్డింగ్ తప్ప మరొకటి ఒప్పుకోరు. ఒక గొట్టం ఇంకో గొట్టానికి ఆనేచోట కొసను చేప నోరులా కోసి, సందు లేకుండా కూర్చాకే టార్చ్ ముట్టించాలి. పికప్‌లో క్యాబిన్ వేరు, కింద నిచ్చెన ఛాసిస్ వేరు. కాబట్టి గొట్టాలు నేలరేకును దాటి ఛాసిస్‌కే అతకాలి. పికప్‌తో ఇంకో చిక్కు, వెనక ఖాళీ తొట్టి. బరువంతా ముందుండి వెనక టైర్లు పట్టు తప్పుతాయి. అందుకని బ్యాటరీని వెనక్కి మార్చారు. అలా మార్చిన బండికి వెనక భాగంలో బయటినుంచే కరెంటు ఆపే స్విచ్ ఉండాలి, లోపల మనిషి స్పృహ తప్పితే వెలుపలివాళ్లు నొక్కడానికి.

పికప్ ఈ దేశంలో ఇంతగా పాతుకుపోవడానికి కోళ్లు కూడా ఒక కారణం. యుద్ధం తర్వాత ఇక్కడ కోళ్ల పెంపకం పరిశ్రమగా మారి, చౌక మాంసం ఐరోపాకు వెల్లువెత్తింది. 1962లో అక్కడి దేశాలు దాని మీద సుంకం పెంచాయి. బదులుగా అధ్యక్షుడు జాన్సన్ 1963 డిసెంబరులో బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశారు. మిగతావాటి మీద తర్వాత ఎత్తేశారు, ట్రక్కుల మీద ఉండిపోయింది. విదేశీ పోటీ అంతగా లేని ఆ నీడలో డెట్రాయిట్ కంపెనీలు పికప్‌ను పెంచి పోషించాయి. 1977 నుంచి ఫోర్డ్ ఎఫ్-సిరీస్ దేశంలో అత్యధికంగా అమ్ముడయ్యే పికప్‌.

ఇక గరాజ్ సంగతి. 1944 నాటి జీఐ బిల్లు తిరిగొచ్చిన సైనికులకు చదువూ, ఇంటి అప్పుకు ప్రభుత్వ హామీ ఇచ్చింది. నగరాల అంచుల్లో వరసలు వరసలుగా ఇళ్లు లేచాయి. కాలం గడిచేకొద్దీ ఇంటికొక గరాజ్ మామూలైంది. ఈ ఆటకు పునాది ఆ సిమెంటు నేల. కానీ నల్లజాతి సైనికులు అదే యుద్ధం చేసి వచ్చినా చాలాచోట్ల బ్యాంకులు అప్పివ్వలేదు. వాళ్లుండే పేటలను ప్రభుత్వ పటాల్లోనే ఎర్రరంగుతో వేరుచేశారు. 1947లో న్యూయార్క్ దగ్గర మొదలైన లెవిట్‌టౌన్‌లో తెల్లవాళ్లే ఉండాలని ఒప్పందంలోనే రాశారు. ఈ అన్యాయాన్ని పక్కన పెట్టి అమెరికన్ గరాజ్‌ను మెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

గరాజ్ దొరకనివాళ్లూ బళ్లు కట్టారు. 1965లో లాస్ ఏంజలెస్‌లోని వాట్స్ పేట అల్లర్లలో తగలబడ్డాక, బిగ్ విల్లీ రాబిన్సన్ అనే వియత్నాం సైనికుడు తెలుపు, నలుపు, లాటినో కుర్రాళ్లను ఒకే వరసలో నిలబెట్టి రేసులాడించాడు. ఏళ్ల తరబడి నగర పాలకుల చుట్టూ తిరిగి 1974లో టెర్మినల్ ఐలాండ్ మీద వాళ్లకొక బాట సంపాదించాడు. డ్రాగ్ రేసింగ్ చరిత్రలో పార్క్స్ పక్కన నిలబెట్టదగిన మనిషి ఈయనే అంటాను. ఆ బాట 1995లో మూతపడింది. ఆడవాళ్ల దారి కూడా తేలిగ్గా తెరుచుకోలేదు. షర్లీ మల్డౌనీ 1977, 1980, 1982ల్లో అత్యంత వేగమైన టాప్ ఫ్యూయల్ తరగతిలో జాతీయ విజేతగా నిలిచాకే నోళ్లు మూతపడ్డాయి. మనకూ ఈ చరిత్రలో ముడి ఉంది. నల్లవాళ్ల పోరాటంతో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారి, దేశాలవారీ వివక్ష కోటాలు పోయాయి. తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు వరసగా ఇక్కడికి రాగలిగింది ఆ తర్వాతే. మా ఇంటి గరాజ్ తలుపు నా కోసం తెరిచింది ఆ పోరాటం చేసిన నల్లవాళ్లే.

ఇంత డబ్బూ సమయమూ లేనివాళ్ల కోసం బ్రాకెట్ రేసింగ్ ఉంది. మన సంక్రాంతి బండలాగుడు పోటీల్లో ఎద్దుల్ని రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విడదీసి జత కలుపుతారు కదా, ఇక్కడ ప్రతి డ్రైవరూ తన బండి ఎన్ని సెకన్లలో చేరుతుందో ముందే అద్దం మీద రాస్తాడు. నెమ్మది బండికి ఆ తేడా మేరకు ముందు దీపం వెలుగుతుంది. రాసినదానికంటే త్వరగా చేరితే ఓడినట్టే. పాత కుటుంబ కారుతో వచ్చినవాడు లక్ష డాలర్ల బండిని ఓడించి పోతాడు. తన బండిని ఎంత బాగా ఎరిగి ఉన్నాడన్నదే పోటీ.

వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు సెప్టెంబరు మొదటి వారం దాకా ఉంటే, లేబర్ డే సెలవులకు ఇండియానాపోలిస్ రండి. 1961 నుంచి జాతీయ పోటీలు ఇక్కడే జరుగుతున్నాయి. చెవులకు ప్లగ్గులు తప్పకుండా తెచ్చుకోండి. నైట్రోమీథేన్‌తో నడిచే టాప్ ఫ్యూయల్ బళ్లు పదివేల పైచిలుకు హార్స్‌పవర్‌తో పక్కనుంచి పోతే ఛాతీ అదురుతుంది. ఈ ఆటలో ప్రేక్షకుడి టిక్కెట్టుతోనే బళ్లు విప్పి బిగించే చోటికి వెళ్లొచ్చు, మెకానిక్కుల చేతి దూరంలో నిలబడొచ్చు. ఏదైనా బండి దగ్గర ఆగి, ఇదెలా చేశారని అడగండి. ఇంగ్లీషు తడబడినా పర్వాలేదు, పని ఆపి మరీ చూపిస్తారు.