మెడకి తాడా? చేతిలో చెయ్యా?

కప్పం అనగానే మనకి పాత జానపద సినిమాల్లో సీనే గుర్తొస్తుంది. సామంతరాజు వణుకుతూ వచ్చి, వరహాల పళ్లెం కాళ్ల దగ్గర పెట్టి వంగి వంగి దండాలు పెడతాడు. ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అచ్చం అలాంటిదే చూశాను. క్రీ.పూ. 9వ శతాబ్దంలో అస్సీరియా రాజు మూడో షల్మనేసర్ చెక్కించిన నల్లరాతి స్తంభం. ఇశ్రాయేలు రాజు యెహూ (లేదా అతని దూత) రాజు ముందు నుదురు నేలకి ఆనించి ఉంటాడు.

అందుకే ఇరాన్‌లోని పెర్సెపోలిస్ శిల్పాల ఫోటోలు చూసి కాస్త తికమకపడ్డాను. అక్కడి అపదాన అనే సభామండపాన్ని దరియస్ మొదలుపెడితే కొడుకు జెర్క్సీస్ పూర్తిచేశాడు. మెట్ల పక్క గోడమీద 23 బృందాలు బారులు తీరి కానుకలు తెస్తుంటాయి. ఒకరు సింహపు పిల్లల్ని, ఒకరు ఒంటెని, ఒకరు ఏనుగు దంతాన్ని. సింధు ప్రాంతం వాళ్లూ ఉన్నారండోయ్, పంచెలు కట్టుకుని, కావడి మోస్తూ! ఆ కావడి బుట్టల్లోని సంచుల్లో ఉన్నది బంగారు రజను అని పండితుల అంచనా. ఇంతమందిలో ఒక్కడూ సాష్టాంగపడడు. పైగా ప్రతి బృందం నాయకుణ్ణీ రాజోద్యోగి ఒకడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంటాడు, పెళ్లికొచ్చిన చుట్టాన్ని తీసుకెళ్లినట్టు.

ఆహా, ఎంత మంచి రాజు అనుకున్నాను. తర్వాత బెహిస్తున్ కొండ గురించి చదివాను. అదీ దరియస్ చెక్కించిందే, క్రీ.పూ. 520 ప్రాంతంలో. అక్కడ ఆయన ఒకణ్ణి కాలికింద తొక్కి నిలబడ్డాడు. ఎదురుగా తొమ్మిదిమంది తిరుగుబాటుదార్లు, చేతులు వెనక్కి కట్టేసి, మెడలకి తాడేసి. ఆఖరివాడు మొనదేలిన పొడుగు టోపీ పెట్టుకున్న శకుల నాయకుడు స్కుంఖ.

ఇప్పుడు మళ్లీ అపదానకి రండి. అదే రకం టోపీల వాళ్లు అక్కడా కనిపిస్తారు. మెడకి తాడు లేదు. నడుముకి కత్తి కూడా ఉంది!

మరి ఆ తాడు ఏమైంది? ఎక్కడికీ పోలేదు. భారతీయులు ఏటా 360 టాలెంట్ల బంగారు రజను కట్టేవారని హెరొడోటస్ రాశాడు. టాలెంట్ అంటే పాతిక కిలోలు. అంకె కాస్త పెద్దదే అనుకున్నా, పన్ను పన్నే కదా. దరియస్‌ని పారశీకులే 'దుకాణదారు' అనేవారని కూడా ఆయనే చెప్పాడు. క్రీ.పూ. 486లో ఈజిప్టు, 484లో బాబిలోన్ తిరగబడితే జెర్క్సీస్ అణిచేశాడు. గోడమీద బాబిలోన్ వాళ్లు మాత్రం బుద్ధిగా ఎద్దుని తోలుకొస్తూనే ఉన్నారు.

నాకర్థమైంది ఇదీ. గెలిచిన కొత్తలో రాజుకి భయపెట్టే బొమ్మ కావాలి. కుదురుకున్నాక 'వాళ్లే ఇష్టంగా ఇస్తున్నారు' అనిపించే బొమ్మ కావాలి. రెండోదే ఎక్కువకాలం పనిచేస్తుంది. రెండువేల అయిదొందల ఏళ్ల తర్వాత నేనూ నమ్మాను కదా!

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అబద్ధమే అయినా, ఓడినవాణ్ణి నిలబెట్టి చూపించడమే గొప్ప అని దరియస్‌కి తోచింది. షల్మనేసర్‌కి అదీ తోచలేదు. కాకపోతే, ఆ చెయ్యి విడిపించుకోబోతే ఏమవుతుందో శిల్పి చెక్కలేదు. అది తెలియాలంటే బాబిలోన్ వాళ్లనే అడగాలి.