చెయ్యి అందినంత బొమ్మ

పొయ్యి కాడికి జరుగుండ్రి పిల్లలూ. ఆ బొమ్మలామె ముచ్చట చెప్పమన్నరు గదా, వినుండ్రి.

మీ చిన్నమ్మ కాడ కెనడాల ఉన్నప్పుడు నన్ను హాలిఫాక్స్‌ల బొమ్మల గ్యాలరీకి తోలుకపోయింది. ఆడ ఒక ఇంటికి ఇల్లే తెచ్చి లోపల నిలవెట్టిండ్రు. 13 అడుగుల పైచిలుకు పొడుగు, 12 అడుగుల పైచిలుకు ఎడల్పు, గంతే. తలుపు మీద పూలు, గోడల మీద పూలు, కిటికీ అద్దాల మీద పూలు, ఆఖరికి పొయ్యి మీద గూడ. కరెంటు లేదు, నల్లా లేదు. ఆ బొమ్మలామె మాడ్ లూయిస్, ఆమె మొగడు బతికిన ఇల్లు అది.

ఆమె 1901ల పుట్టింది. చిన్నతనం సంది కీళ్లవాతం. భుజాలు కుంగినయి, గదువ ఛాతికి ఆనింది, వేళ్లు ముడుచుకపోయినయి. బొమ్మలేసుడు ఏ బడిల నేర్వలే. క్రిస్మస్ కార్డులకు రంగులేసుడు తల్లి చూపించింది, మిగిలిందంతా సొంతంగనే. తల్లిదండ్రులు పోయినంక 1938ల చేపలమ్ముకునే ఎవరెట్‌ను చేసుకున్నది. ఆయన ఇంటింటికి చేపలతోని పాటు ఈమె కార్డులు గూడ అమ్మెటోడు.

అసలు ముచ్చట ఇగ వినుండ్రి. ఆమె చెయ్యి దూరం సాగకపోవు. ఎంత దూరం అందితే అంతే బొమ్మ. అందుకే ఎక్కువ మటుకు చిన్న చిన్న అట్టలే. ముందుగాల అట్టకు తెల్లరంగు పూసేది, మీద గీతలు గీసేది, ట్యూబుల కెళ్లి రంగు తీసి ఉన్నదున్నట్టే పెట్టేది. రంగుల రంగు కలిపేది గాదు. చేపల డబ్బానే రంగుల గిన్నె. ఆమె వేసిన ఎడ్లను చూడాలె బిడ్డా, కండ్లకు ఎంతెంత పొడుగు రెప్పలు పెట్టిందో! నొప్పి పెట్టే వేళ్లతోని ఆ సన్నటి గీతలెట్ల గీసిందో నాకు ఇప్పటికీ అంతువట్టది. చూసినోళ్లు "పాపం" అంటుండ్రి. నాకు ఆ మాట నచ్చలే. అంత పనిమంతురాలిని పాపం అంటరా?

ఇంటి ముందట బోర్డు పెట్టుకొని రెండు మూడు డాలర్లకు ఒక బొమ్మ అమ్మేది. 1965ల టీవీల చూపించినంక దూరం దూరం కెళ్లి అడిగిండ్రు, అయినా ధర పది డాలర్లకు అటు ఇటే. ఆ చేతుల కష్టానికి అది కూలేనా?

రంగులు, అట్టలు పంపే ఒక చిత్రకారునికి ఆమె బొమ్మలు పంపేది. ఆయన అండ్ల నల్ల ట్రక్కు బొమ్మ ఒకటి హోటలోళ్లకిచ్చి, బదులు చీజ్ పెట్టి కాల్చిన బ్రెడ్డు తిన్నడు. గదే బొమ్మ 2022 వేలంల 3,50,000 డాలర్లు పలికింది. ఆమెకేం ముట్టింది బిడ్డా? ఆమె 1970లనే పోయింది.