చీటీ ఊడిన ఫ్లాపీ

భద్రాచలం అడవి అంచున గుమాస్తాగిరీ చేసిన మాకు దస్త్రాన్ని కరెంటు నంబరే పట్టిచ్చేది. 1984లో క్లాస్ పథకం కింద పాఠశాలలకు వచ్చిన బి.బి.సి. మైక్రో డిస్కుపై ఫైలు పేరు ఏడక్షరాలు మించదు. అది ఉత్తరమో, ప్రోగ్రామో పేరునుబట్టి తెలిసేది కాదు. తరువాత కార్యాలయాల్లోకి వచ్చిన పి.సి.లలో చుక్క వెనుక మూడక్షరాలు ఆ పని చేశాయి. డిబేస్ పట్టికకు డి.బి.ఎఫ్. అన్నమాట. పేరు చెడినా డిబేస్ త్రీ పట్టిక మొదటి బైటు సాధారణంగా 3 ఉంటుంది.

మొన్న నా పెట్టెలోని చీటీ ఊడిన ఫ్లాపీలో మనుమడు ఆ 3 చూశాడు. తెరిస్తే పాత జీతాల పట్టీ! కాలంచేసిన మా అటెండరు ఉద్యోగంలో చేరిన తేదీ అందులో ఉంది. దాని ఆధారంగా రిజిస్టరు వెతికించి, ఆయన భార్య కుటుంబ పింఛను కాగితాలు పూర్తిచేశాం. పాత ఫ్లాపీలు పారవేయకండి.