ఖండన శబ్దార్థ విచారము

పరమతమును ఎదిరించి వ్రాయు తీక్ష్ణమైన వాదగ్రంథమునకు మన పూర్వులు పెట్టిన పేరు ఖండనము. ఈ శబ్దముయొక్క వ్యుత్పత్తియు, ప్రయోగమును, నేఁటి స్థితియు ఇచట విచారింపఁబడును.

చురాదిగణమున భేదనార్థకమైన ఖడి ధాతువు గలదు. ఇదిత్తగుటచే నుమాగమమును, భావమున ల్యుట్ప్రత్యయమును రాఁగా ఖండన రూపము సిద్ధించును. ముక్కలు చేయుట యని యర్థము. ఇది సకర్మక క్రియ. కావున 'దేనిని?' అను ఆకాంక్ష తప్పక పుట్టును. శాస్త్రవ్యవహారమున ఆ కర్మ ప్రతిపక్షియొక్క మతము, ప్రతిపక్షి కాఁడు. కరణము హేతువు. హేతువు లేని ఖండనము కత్తి లేని కోఁత వంటిది.

న్యాయదర్శనమున కథ మూఁడు విధములు. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము; జయమును కోరి ఛలాదులను సైతము చేపట్టునది జల్పము; స్వపక్షమును స్థాపింపక పరపక్షమును మాత్రము పడఁగొట్టునది వితండ. లోకమున వితండవాద మనఁగా మొండిపట్టు. శాస్త్రమున అట్లు కాదు. 12వ శతాబ్దిలో శ్రీహర్షుఁడు ఖండనఖండఖాద్యమున నైయాయికుల లక్షణములను ఒక్కొక్కటిగా భంజించెను. స్వమతమును లక్షణములతో స్థాపింపఁబూనలేదు. అయినను యుక్తిని విడువలేదు.

17వ శతాబ్దిలో ఆంధ్రుఁడగు జగన్నాథ పండితరాయలు రెండు త్రోవలను త్రొక్కెను. అప్పయ్యదీక్షితుల గ్రంథముపై వ్రాసినది చిత్రమీమాంసాఖండనము. ఈ సమాసమే సాక్షి: కృద్యోగమున కర్మకు షష్ఠి వచ్చినది, ఖండింపఁబడినది గ్రంథము. భట్టోజిదీక్షితుల ప్రౌఢమనోరమపై వ్రాసినదానికో మనోరమాకుచమర్దన మని పేరు. భట్టోజి తనకు గురువైన శేషకృష్ణుని ప్రక్రియాప్రకాశమును మనోరమయందు నిరాకరించెను. శేషకృష్ణుని కుమారుఁడగు వీరేశ్వరుఁడు జగన్నాథునకు గురువు. గురుభక్తి క్రోధమై పేరునందే వెడలినది. అయినను లోపల నున్నది సూత్రార్థవిచారమే. నేఁడు వైయాకరణులు పరిశీలించునది ఆ విచారమును గాని ఆ కోపమును గాదు.

ఇఁక తెలుఁగున 'ఖండించు' అను క్రియ. వార్తాపత్రికలలో 'ఆరోపణమును ఖండించెను' అన్నచో లేదనుట. 'దాడిని ఖండించెను' అన్నచో గర్హించుట. ఈ రెంటికిని హేతువుతో పనిలేదు. అర్థపరిణామము భాషాధర్మమే, రూఢిని ఎవ్వరును ఆపఁజాలరు. కాని చిక్కు మఱియొకచోట నున్నది. విమర్శకుఁడు 'ఖండించుచున్నాను' అని గర్హణమాత్రము చేసి విరమించినను, చదువరి ప్రతిపక్షము నిజముగా ఖండితమైనదని భ్రమించును. శబ్దము పాఁతది, గౌరవమును పాఁతదే, హేతువు మాత్రము జాఱిపోయినది.

కావున శాస్త్రరచనలయందైనను లేదనుటకు నిరాకరణము, నిందించుటకు గర్హణము, యుక్తితో భంజించుటకు ఖండనము అని విభజించి వాడుట మేలు. పాఠశాలలయందు ఉపాధ్యాయులు విద్యార్థిని అడుగవలసిన ప్రశ్నలు రెండే: ఈ ఖండనమునకు కర్మ యేది? కరణ మేది? కర్మస్థానమున మనుష్యుఁడు కనఁబడినను, కరణస్థానము శూన్యమైనను, అది ఖండనము గాదు.