పరుపు కుట్టు, జిప్ రన్నర్

గూడూరు ప్రాంతంలో ఆరుబయట కూర్చోవాలన్నా పడుకోవాలన్నా తరతరాలుగా నులక మంచమే దిక్కుగా ఉండేది. కాళ్ల వైపు కొంత జాగా వదిలి అక్కడ విడిగా తాడు బిగించేవాళ్లు. నులక సాగినప్పుడు ఆ తాడొక్కటి లాగి కడితే చాలు, మంచం మళ్లీ బిగుసుకునేది. దూది పరుపుదీ అదే తీరు. దూది గడ్డకట్టాక పక్క కుట్టు విప్పి, ఏకించి, నింపి, మళ్లీ కుట్టించేవాళ్లు. ఈ పనే బతుకుగా ఉన్న దూదేకుల వారి గురించి 1909లో ఎడ్గార్ థర్స్టన్ తన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ప్రత్యేకంగా రాశాడు. అంటే ఎప్పటికైనా విప్పాల్సి వస్తుందని తెలిసే ఆ వస్తువులను తయారుచేశారు. ఇప్పుడు వరండా కుర్చీల, ఊయలల కుషన్లకు వేసే జిప్ ఆ పరుపు కుట్టుకే వారసురాలని నా వాదన. దాన్ని బాగుచేయించుకోవడం పిసినారితనం కాదు, మన పాత అలవాటే.

ఈ వారసత్వం నేరుగా రాలేదు. గిడియన్ సుండ్‌బాక్ 1917లో అమెరికాలో పేటెంట్ పొందిన జిప్‌ను మొదట్లో రబ్బరు బూట్లకు, పొగాకు సంచులకు వాడారు. కుషన్‌కు దాని అవసరం కలిగించింది ఫోమ్. 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం కనిపెట్టిన పాలీయురేథేన్ నుంచి వచ్చిన ఈ సరుకును ఏకాల్సిన పని లేదు, ఉతకాల్సింది పై గుడ్డనే. ఏళ్లకోసారి విప్పే కుట్టు కాస్తా నెలకోసారి తెరిచే జిప్ అయింది. పాడయ్యే చోటు కూడా దూది నుంచి, జిప్‌ను మూసి తెరిచే రన్నర్‌కు మారింది.

2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చినా గూడూరుది కోస్తా వాతావరణమే. ఉప్పుగాలికీ ఈశాన్య రుతుపవనాల తేమకూ లోహపు రన్నర్ పొక్కి, పట్టేస్తుంది. నైలాన్ పళ్లకు తుప్పు లేదు. జిప్ వేసినా వెనకే విడిపోతోందంటే చాలాసార్లు తప్పు పళ్లది కాదు, రన్నర్ అంచులు వెడల్పయ్యాయన్నమాట. ప్లయర్‌తో రెండు పక్కలా మెల్లగా నొక్కితే కొన్నాళ్లు పనిచేస్తుంది. లేదంటే మూల దగ్గర కుట్టు విప్పి, పాత రన్నర్ తీసి, వెనక ఉన్న అంకె చూసి అదే సైజుది ఎక్కించి, చివర గట్టిగా కుట్టాలి.

కొత్త కవరే చవకగా దొరుకుతుంటే ఇంత శ్రమ దేనికని అడుగుతారు. ఎండకు గుడ్డే చివికిపోయి, గిల్లితే చిరుగుతుంటే ఆ మాట నిజమే. పూర్వం పరుపు గుడ్డ చిరిగినప్పుడూ గుడ్డే మార్చారు, దూదిని పారేయలేదు. చెడిన భాగాన్నే మార్చే ఆ పద్ధతిలో రన్నర్ పోతే రన్నరే మార్చాలి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఏకే పనిలో దూది దుమ్ము ఊపిరితిత్తులను తినేసింది, ఆ కష్టం పుట్టుకతోనే కొందరి మీద పడింది, అలాంటి ఆచారాన్ని పొగడవచ్చా అని. ఆ కష్టాన్ని పొగడలేం. అయితే దూది ఏకే విల్లు పోయి యంత్రాలు వచ్చాక కూడా జనం పరుపులు విప్పించి ఏకించుకున్నారు. బాగుచేయించుకునే అలవాటుకు ఆ బాధ అవసరం లేదనడానికి అదే రుజువు. జిప్ పనిలో దుమ్ము లేదు. అయితే రన్నర్ ఖరీదు కొద్ది రూపాయలే కదా అని కూలిని కూడా అంతే లెక్కగడుతున్నారు, అది అన్యాయం. కుట్టు విప్పి మళ్లీ వేసిన సమయానికి కూలి కట్టాలి.